గురువు, లఘువు, గురువు

సార్ పదకొండో రోజుకు తిరుపతి వెళ్లాను. భోజనాలు ముగిసి, బంధువులు ఒక్కొక్కరే సెలవు తీసుకున్నాక, అమ్మ నన్ను వెనక గదిలోకి పిలిచి, అటక మీద నుంచి దింపించిన ఇనప్పెట్టె చూపించారు. సార్ భార్యను మేమందరం బడి రోజుల నుంచీ అమ్మా అనే పిలుస్తాం. "దీంట్లో ఉండేవి ఏంటివో నాకు తెలీదు నాయనా. పాత సామాన్లోడికి వేసేదానికి మనసు రాలే. నువ్వు చూసి చెప్పు" అన్నారు.

మూత ఎత్తగానే కంటికంటే ముందు ముక్కు గుర్తుపట్టింది. టంకం వేసేటప్పుడు వాడే రోజిన్ వాసన అది. పైన్ చెట్టు బంక నుంచి తీసే ఆ గట్టి పదార్థం చూడటానికి పటికబెల్లం ముక్కలా, రంగులో ముదురు తేనెలా ఉంటుంది. కాలిన టంకపు కడ్డీ మొన దానికి తగిలితే సన్నటి తెల్లపొగ లేచి, కంట్లో కాస్త మంట పెట్టి, చొక్కాకు అంటుకుని ఇంటిదాకా వెంట వచ్చేది. "మళ్లీ ఆ రేడియో గదికి పోయొచ్చినావా" అని మా అమ్మ నన్ను చూడకుండానే, వంటింట్లో నుంచే అడిగేది. ఇన్నేళ్లు మూసి ఉన్న ఒక చిన్న రేకు డబ్బాలో ఆ వాసన తగ్గకుండా ఎలా ఉందో నాకు తెలియదు. నేను నేల మీద కూర్చుండిపోయాను.

హ్యామ్ రేడియో మనుషుల్లో ఎవరైనా కన్నుమూస్తే 'సైలెంట్ కీ' అయ్యారంటారు. పొట్టి, పొడుగు శబ్దాలతో కబురు పంపే మోర్స్ మీట మూగబోయిందని దాని భావం. సార్ పోయిన కబురు కూడా నాకు ఆ రెండు మాటల్లోనే, పాత మిత్రుడొకడి నుంచి చేరింది. ఆ రెండు మాటలకు అర్థం తెలిసినవాణ్ణి కావడం కూడా సార్ పెట్టిన భిక్షే.

*

మా బడి వెనక వైపు కిటికీలు తెరిస్తే శేషాచలం కొండలు నిండుగా కనిపించేవి. సైన్సు ల్యాబుకు ఆనుకుని ఒక చిన్న గది ఉండేది. విరిగిన బెంచీలు, చిరిగిన పటాలు, మూతిపోయిన గాజుకుప్పెలు అందులో పడేసేవారు. సార్ ఆ గదిని అడిగి తీసుకుని, మాచేతే ఊడ్పించి, తలుపు మీద సుద్దముక్కతో 'రేడియో క్లబ్బు' అని రాశారు. ఆ తరువాత కూడా దానికి రంగుతో రాసిన బోర్డు ఎన్నడూ రాలేదు. అక్షరాలు చెరిగినప్పుడల్లా మాలో ఎవరో ఒకరం దిద్దేవాళ్లం. అట్లా దిద్దీ దిద్దీ ఆ చేతిరాత చివరికి ఎవరిదీ కాకుండా పోయింది.

మేం ఎనిమిది మందిమి. రేణిగుంట నుంచి రైల్వే ఉద్యోగి కొడుకొకడు, చంద్రగిరి నుంచి రోజూ బస్సులో వచ్చేవాడొకడు, వ్యవసాయ మోటార్లకు వైండింగు చేసే షాపాయన కొడుకొకడు, మిగిలినవాళ్లం ఊళ్లోవాళ్లం. మొదటి రోజు సార్ మాకు చెప్పింది ఇంత మాత్రమే. పాటలు, వార్తలు వినే రేడియోలో మాట్లాడేది ఒకరే, వినేది అందరూ. హ్యామ్ రేడియోలో అట్లా కాదు. పరీక్ష రాసి, ప్రభుత్వం నుంచి లైసెన్సూ, కాల్‌సైన్ అనే ఒక పిలుపుపేరూ తెచ్చుకున్నవాళ్లు, తమకు కేటాయించిన పౌనఃపున్యాల మీద తమలాంటివాళ్లతో నేరుగా మాట్లాడుకోవచ్చు. వ్యాపారం మాట్లాడకూడదు, రాజకీయం మాట్లాడకూడదు, ఒక్క పైసా తీసుకోకూడదు. మన దేశంవాళ్ల పిలుపుపేర్లు చాలావరకు వీయూ అనే అక్షరాలతో మొదలవుతాయి. ఇంత చెప్పి, "లైసెన్సు నాకుంది, మీకు లేదు. కాబట్టి మీరు వింటారు" అన్నారు.

ఆ చివరి మాట ఎంత పెద్దదో మాకు అప్పుడు తెలియలేదు. లైసెన్సు లేనివాడు మైకు పట్టుకోకూడదు, మీట నొక్కకూడదు. అది దేశపు నిబంధన. సార్ దాన్ని ఒక్కసారి కూడా, ఎవరూ చూడని రాత్రివేళ కూడా సడలించలేదు. కాబట్టి మాది మాట్లాడే హక్కు లేని క్లబ్బు. మూడేళ్లు విన్నాం. ఇప్పుడు లెక్కవేసుకుంటే, నా బతుకులో అంత శ్రద్ధగా, అంత కాలం, నావంతు రాకుండా ఇతరుల మాట విన్నది అక్కడే.

*

వినడానికి మాకున్నది మా అవ్వ రేడియో. చెక్కపెట్టె మర్ఫీ, పచ్చ వెలుగు డయలు, ముందు మందమైన గుడ్డ. దానికి ఒకప్పుడు పోస్టాఫీసులో ఏటేటా రుసుము కట్టి లైసెన్సు పుస్తకంలో ముద్ర వేయించుకోవాల్సి వచ్చేది. మా తాత ఆ పుస్తకాన్ని రేషను కార్డుతో పాటు దాచేవాడు. తాత పోయాక అవ్వ ట్రాన్సిస్టరుకు మారింది. మర్ఫీని బడికి ఇమ్మని అడిగితే, "మీ తాత వార్తలు విన్న పెట్టె, పగలగొట్టొద్దండి" అని ఒకే షరతు పెట్టింది.

మామూలు రేడియోలో హ్యాములు మాట్లాడేచోట ముల్లు నిలిపితే మాటలు వినిపించవు. ఎవరో గొంతులో నీళ్లు పోసుకుని పుక్కిలిస్తున్నట్టు ఒక గుడగుడ మాత్రం వస్తుంది. శక్తి వృథా కాకుండా ఉండటానికి హ్యాములు మూలతరంగాన్ని తీసేసి, గొంతు ఉన్న ఒక పక్క భాగాన్నే పంపుతారు. తీసేసిన ఆ తరంగాన్ని మనవైపు మళ్లీ కలిపితే తప్ప మాట విడిపడదు. దానికోసం సార్ ఒక పాత రేడియోలో నుంచి ఐఎఫ్‌టీ అనే చిన్న చదరపు డబ్బా పీకి, ఒక బీఎఫ్ 194 ట్రాన్సిస్టరు, రెండు మూడు కండెన్సర్లు కలిపి, 455 కిలోహెర్ట్జ్‌ల దగ్గర మోగే చిన్న ఆసిలేటరు కట్టారు. దాన్ని మర్ఫీ పక్కన పెట్టి, డబ్బా తలమీద మరను సన్నటి వెదురుపుల్లతో తిప్పుతూ ఉన్నారు. గుడగుడ కాస్త సన్నబడింది, కీచుమంది, ఇంకో వెంట్రుకవాసి తిప్పేసరికి ఒక మనిషి గొంతు ఉన్నపళాన తేటపడి, తమిళ యాసతో ఇంగ్లీషులో, తమ ఇంటి మిద్దె మీద నిన్న గాలికి యాంటెన్నా తెగిపోయిందని ఎవరికో చెబుతోంది. మాకు ఒళ్లు జలదరించింది. ఎక్కడో ఒకాయన మిద్దె, ఆయన తెగిన తీగ, మా గదిలోకి వచ్చాయి.

ఆ తరువాత సార్ చేసిన రిసీవరుకు స్పీకరు ఉండేది కాదు, ఒక్క జత ఇయర్‌ఫోన్లు మాత్రమే ఉండేవి. ఎనిమిది మందికి ఒక జత. అమ్మ ఇంటి నుంచి ఒక కంచుగిన్నె పంపించారు. ఇయర్‌ఫోన్లను ఆ గిన్నెలో బోర్లించి పెడితే శబ్దం గిన్నెలో తిరిగి పెద్దదయ్యేది. దాని చుట్టూ తలలు దగ్గరపెట్టి కూర్చునేవాళ్లం. ఎవరూ దగ్గకూడదు, బెంచీ కదపకూడదు. కొండగాలికి కిటికీ రెక్క కొట్టుకోకుండా చంద్రగిరివాడు దాన్ని చేత్తో పట్టుకుని నిలబడేవాడు.

విన్నదంతా రిజిస్టరులో రాయాలి. తేదీ, వేళ, పౌనఃపున్యం, ఎవరు ఎవరిని పిలిచారు, గొంతు ఎంత తేటగా ఉంది, ఎంత బలంగా ఉంది. వేళ మాత్రం మన గడియారం వేళ కాదు, ప్రపంచమంతటికీ ఒకటే అయిన యూటీసీ. మన వేళలో నుంచి ఐదున్నర గంటలు తీసేయాలి. తెల్లవారుజామున ఐదుకు లేచి విన్నది రాస్తే 23.30 అవుతుంది, తేదీ కూడా ముందురోజుది అవుతుంది. నేను ఇక్కడే ఎప్పుడూ తప్పేవాణ్ణి. సార్ ఎర్రసిరాతో తేదీని సున్నచుట్టి పక్కన ఏమీ రాసేవారు కాదు. నాకై నేనే కనుక్కుని దిద్దుకోవాలి. రాత్రికీ పగటికీ తేడా కూడా ఆ రిజిస్టరే మాకు నేర్పింది. 7 మెగాహెర్ట్జ్‌ల మీద పగలంతా మద్రాసు, బెంగళూరు, హైదరాబాదు. చీకటిపడి కాసేపయ్యాక ఆ దగ్గరివాళ్లు ఒక్కొక్కరే మాయమై, వాళ్ల చోట ఏ దేశంవాళ్లో తెలియని గొంతులు వచ్చేవి. పైన అయనావరణం అనే గాలిపొర మారడం వల్ల తరంగం దగ్గరగా దిగకుండా దూరంగా పోయి దిగుతుందని సార్ బోర్డు మీద గీసి చూపించారు. నాకు మాత్రం అది సాయంత్రం దుకాణాలు మూసుకుని ఒక వీధి ఇంకో వీధిగా మారినట్టు అనిపించేది.

*

మోర్స్ మాత్రం మాలో ఎవరికీ పట్టుబడలేదు. చుక్క, గీత అని కాగితం మీద చూసి నేర్చుకుంటే చెవికి అందదని సార్ చెప్పేవారు. డిట్, డా అని నోటితో అనమనేవారు. నెల గడిచినా ఎనిమిది మందిలో ఐదుగురికి డబ్ల్యూకీ జీకీ తేడా తెలియలేదు. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం మా తెలుగు అయ్యవారు గొడుగు మరిచిపోయి వెనక్కి వచ్చి, గది ముందు నిలబడి, మేం వల్లించడం విన్నారు. "ఏమయ్యా, సైన్సు గదిలో ఛందస్సు చెబుతున్నారేమిటి?" అని సార్‌ను అడిగారు.

సార్ నవ్వి ఇది మోర్స్ అని చెబితే, అయ్యవారు లోపలికి వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. పొట్టి శబ్దం లఘువు, పొడుగు శబ్దం గురువు, అంతే గదా అన్నారు. ఒక గురువుకు రెండు మాత్రలైతే, మోర్స్ గీతకు మూడు చుక్కల కాలమని సార్ సవరించారు. అయ్యవారు అది పట్టించుకోకుండా సుద్దముక్క తీసుకుని బోర్డు మీద ఎనిమిది గణాలూ నిలువుగా రాశారు. పక్కన సార్ ఒక్కొక్క అక్షరం రాస్తూ పోయారు. మూడు గురువుల మగణం ఓ. మూడు లఘువుల నగణం ఎస్. ఆది గురువు భగణం డీ. ఆది లఘువు యగణం డబ్ల్యూ. మధ్య లఘువు రగణం కే. మధ్య గురువు జగణం ఆర్. అంత్య గురువు సగణం యూ. అంత్య లఘువు తగణం జీ. మోర్స్‌లో మూడేసి శబ్దాల అక్షరాలు సరిగ్గా ఎనిమిదే. గణాలూ ఎనిమిదే. ఒక్కటీ మిగల్లేదు, ఒక్కటీ తగ్గలేదు. ఇద్దరు పెద్దవాళ్లు బోర్డు ముందు నిలబడి, చేతులకు సుద్దపొడితో, కాసేపు ఏమీ మాట్లాడకుండా దాన్ని చూశారు. ఆ నిమిషం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

యమాతారాజభానసలగం మాకు తొమ్మిదో తరగతిలోనే నోటికి వచ్చు. ఆ ఒక్క తాడు చాలు, ఎనిమిది అక్షరాలూ పట్టుకోవడానికి. అప్పట్లో ఆపదలో ఓడలు పంపే ఎస్ఓఎస్ నగణం, మగణం, నగణం. ఉత్పలమాలకు భరనభభరవ అని గదా గణాలు. లఘువు, గురువు కలిసిన వగణం మోర్స్‌లో ఏ అక్షరం. కాబట్టి ఉత్పలమాల పాదం డీ, కే, ఎస్, డీ, డీ, కే, ఏ అవుతుంది. చంపకమాలకు నజభజజజర, అంటే ఎస్, ఆర్, డీ, ఆర్, ఆర్, ఆర్, కే. ఆ వారమంతా మేం భాగవత పద్యాలను బజరు మీద కొట్టాం. అక్షరానికీ అక్షరానికీ నడుమ ఖాళీ వదిలితే మోర్స్, వదలకపోతే పద్యం. పద్యం తెలిసినవాడికి మోర్స్ తేలికని నేను ఎక్కడా చదవలేదు. మా ఎనిమిది మందికీ అది అట్లాగే వచ్చింది.

బజరు మీద కొట్టే మీట కూడా మేం చేసుకున్నదే. విరిగిన హాక్సా బ్లేడు ముక్కకు పళ్లవైపు అరగదీసి, ఒక కొసను టేకుచెక్కకు రెండు మరలతో బిగించి, రెండో కొస కింద ఇత్తడి మర తల పెట్టాం. వేలు ఆనించడానికి నల్ల క్యారమ్ కాయ ఒకటి అతికించాం. బ్లేడు తనంతట తానే పైకి లేస్తుంది కాబట్టి స్ప్రింగు అక్కరలేదు. మరీ బిగువైతే మణికట్టు నొప్పి, మరీ వదులైతే ఒక చుక్క కొట్టబోతే రెండు పడతాయి. ఇత్తడి తలకూ బ్లేడుకూ నడుమ పోస్టుకార్డు దూరేంత సందు ఉంటే సరిపోతుందని సార్ లెక్క. ఇనప్పెట్టెలో ఆ మీట ఉంది. క్యారమ్ కాయ మీద వేలు ఆనే చోట నునుపు తేలి ఉంది.

*

యాంటెన్నా కట్టిన రోజు మాకు పండగ. 143ను మెగాహెర్ట్జ్‌లతో భాగిస్తే తీగ పొడవు మీటర్లలో వస్తుంది. 7.05కు ఇరవై మీటర్ల పైన కాస్త. దాన్ని మధ్యకు కోసి, కోసినచోట టీవీ కేబులు కలిపితే డైపోల్. అంత తీగ కొనే డబ్బు మాకు లేదు. వైండింగు షాపాయన, బోరుబావి సబ్‌మెర్సిబుల్ మోటారు కాలిపోయి విప్పిన తీగ ఒక చుట్ట ఇచ్చాడు. నీళ్లలో ఉండే మోటారు కాబట్టి ఆ రాగికి ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. ఎండకూ వానకూ చెక్కుచెదరదు. కాలినచోట్లు కోసేసి, మంచి ముక్కలను టంకంతో అతికాం. రెండు కొసలకూ పాత ఇళ్ల వైరింగులో వాడే పింగాణీ గుబ్బలు కట్టి, ఒక కొసను బడి వేపచెట్టుకూ ఇంకో కొసను నీళ్ల ట్యాంకుకూ లాగాం. చెట్టెక్కింది రేణిగుంటవాడు. కింద నుంచి సార్ "బిగించొద్దు నాయనా, చెట్టు గాలికి ఊగుతుంది, తీగకు కాస్త వదులుండాల" అని అరవడం గుర్తు. వదులు పెట్టినందుకే ఆ ఏటి తుపానుకు అది తెగలేదు.

ఆ తుపాను గురించి కొంచెం చెప్పాలి. నాలుగు రోజులు ఎడతెగని వాన. ఎప్పుడూ ఇసుకమేటలతో ఉండే స్వర్ణముఖి రెండు గట్లూ ఒరుసుకుని పారింది. కరెంటు లేదు, టెలిఫోన్లు మూగబోయాయి. మామూలు రోజుల్లో ఇతరుల కబుర్లు మోయడం హ్యాముకు నిషేధం. ఆపదలో మాత్రం అనుమతి ఉంది. సార్ కారు బ్యాటరీ ఒకటి తెప్పించి రెండు రాత్రులు ఆ గదిలోనే కూర్చున్నారు. నెల్లూరు వైపు ఒక హ్యాము ఉన్నాడు. ఇక్కడి ఆసుపత్రిలో ఉన్న మనిషి క్షేమమని అక్కడి వాళ్లకూ, అక్కడ ఇల్లు కూలినా అందరూ బడిలో చేరారని ఇక్కడి వాళ్లకూ, ఒక్కొక్క కబురే అటూ ఇటూ నడిచింది. నేనూ చంద్రగిరివాడూ తడిసిన గోనెపట్టాలు కప్పుకుని ఆ కాగితాలు పట్టుకుని ఇళ్లకు తిరిగాం. కొర్లగుంటలో ఒక ముసలామె చదవడం రాక కాగితాన్ని నాచేత మూడుసార్లు చదివించుకుంది. తొమ్మిది మాటల కబురు అది.

*

పరీక్ష మద్రాసులో. దానికి ముందే మద్రాసు మాకు కొత్త కాదు. నెలకోసారి సార్‌తో పాటు మాలో ఇద్దరు పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా బస్సులో వెళ్లి, మౌంట్ రోడ్డు దగ్గర రిచీ స్ట్రీట్‌లో విడిభాగాలు కొనుక్కుని రాత్రికి తిరిగి వచ్చేవాళ్లం. పటాలంవాళ్లు తీసేసిన రిసీవర్లు ఒకప్పుడు మూర్ మార్కెట్‌లో దొరికేవట. 1985లో అది కాలిపోయింది. సార్ ఆ మాట చెప్పినప్పుడల్లా బంధువు పోయినట్టు గొంతు తగ్గించేవారు.

మోర్స్ పరీక్షకు అప్పట్లో గ్రేడు 2లో నిమిషానికి ఐదు మాటలు, మాటకు ఐదు అక్షరాలు. ఐదు నిమిషాలు ఆగకుండా వినబడే 125 అక్షరాలు రాయాలి. ఐదుకు మించి తప్పులు ఉండకూడదు. నా పక్కన నాన్నంత వయసు మనిషి కూర్చుని చేతులు తుడుచుకుంటున్నాడు. నేను కళ్లు మూసుకుని గణాలు విన్నాను. ఇంటికి వచ్చాక మిగిలింది ఎదురుచూపు. లైసెన్సు కాగితం రావడానికి నెలల మీద నెలలు పట్టింది. పోస్టుమ్యాన్ వచ్చే వేళకు వీధిలో నిలబడటం నాకు అలవాటైపోయింది.

కాగితం వచ్చిన సాయంత్రం సార్ నన్ను మీట ముందు కూర్చోబెట్టి, పది నిమిషాలు ఊరికే విను అన్నారు. మూడేళ్లు విన్న నాకు మళ్లీ పది నిమిషాలు. అక్కడ ఎవరూ మాట్లాడుకోవడం లేదని నాకు నేనే తేల్చుకున్నాక, ఎవరైనా పలకండి అనే సీక్యూ మూడుసార్లు, నా పిలుపుపేరు రెండుసార్లు కొట్టి, చివర కే కొట్టాను. కే అంటే, నా మాట అయింది, ఇక మీరు చెప్పండి అని. డా డి డా. చేయి తీసేశాను. చేయి తీసేశాక ఉండే ఆ నిశ్శబ్దం లాంటిది నేను ఇంకెక్కడా చూడలేదు. గిన్నెలో గాలి హోరు, దూరంగా ఉరుములేని మెరుపు చిటపటలు. ఒకసారి, రెండోసారి ఎవరూ లేరు. మూడోసారి పిలిచాక, హోరు అడుగున, దారమంత సన్నగా, ఎవరో నా అక్షరాలను నాకే తిరిగి కొడుతున్నారు. నాగపూర్ నుంచి ఒక పెద్దాయన. నేను కొత్తవాణ్ణని నేను కొట్టే తీరులోనే తెలిసిపోయిందేమో, తన వేగాన్ని నా వేగానికి తగ్గించి, అక్షరం అక్షరం విడదీసి కొట్టాడు. ఆయన పేరు, ఊరు, నా శబ్దం ఎట్లా ఉందో, అంతే. చివర 73 అని వీడ్కోలు. నా చేతిలో పెన్సిలు వణికి రిజిస్టరులో ఆ వరుస వంకరపోయింది. సార్ నా భుజం మీద చేయి వేసి ఉంచారు. ఏమీ అనలేదు.

రెండు నెలలకు ఆయన క్యూఎస్ఎల్ కార్డు వచ్చింది. మాట కలిసిందని రుజువుగా హ్యాములు ఒకరికొకరు పంపుకునే పోస్టుకార్డు అది. తరువాత నాకు ఎన్నో దేశాల కార్డులు వచ్చాయి గానీ, మసకబారిన నీలి అచ్చుతో ఉన్న ఆ నాగపూర్ కార్డు ఒక్కటే నేను ఏ ఊరు మారినా వెంట తీసుకుపోయాను.

*

ఇనప్పెట్టెలో రిజిస్టర్లు ఆరు ఉన్నాయి. పేజీలు తిప్పుతుంటే 1991 మే నెల దగ్గర ఆగాను. వేసవి సెలవుల్లో క్లబ్బు సార్ ఇంటి మిద్దె మీద నడిచేది. మే 21 రాత్రి శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగింది. మాకు వంద కిలోమీటర్లకు కాస్త అటూఇటూగా ఉన్న ఊరు. బస్సులు ఆగిపోయాయి, వీధులు ఖాళీ అయ్యాయి. ఆయన కూడా లైసెన్సున్న హ్యాము. వీయూ2ఆర్జీ ఆయన పిలుపుపేరు. ఆ రోజు పేజీలో సార్ ఎర్రసిరాతో ఆ పేరు రాసి, పక్కన 'సైలెంట్ కీ' అని రాశారు. రాజకీయం మాట్లాడకూడదన్న నిబంధన ప్రకారం ఇంకొక్క మాట కూడా లేదు.

తరువాతి రిజిస్టరులో గాదంకి వెళ్లొచ్చిన పేజీ ఉంది. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో ఆ ఊరి దగ్గర పొలాల నడుమ ఎంఎస్‌టీ రాడారు కట్టారు. 53 మెగాహెర్ట్జ్‌ల మీద పనిచేసే 1024 యాంటెన్నాలు, వరుసకు ముప్పైరెండు చొప్పున ముప్పైరెండు వరుసలు, నాటువేసిన మడిలా నిలబడి ఉన్నాయి. నేల మీద నుంచే పైగాలుల కదలికలు చూస్తాయి అవి. సార్ కంచె దగ్గర నిలబడి, "మన వేపచెట్టు తీగకు ఇవన్నీ దాయాదులే" అన్నారు. ఎంత ఆప్యాయంగా అన్నారో.

ఆ తరువాత చదువులూ ఉద్యోగాలూ మమ్మల్ని విడదీశాయి. ల్యాబుకు కొత్త భవనం కట్టినప్పుడు క్లబ్బు గది పోయింది. నీళ్ల ట్యాంకూ పోయింది. సార్ అప్పటికే రిటైరయ్యారు. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ6, కార్టోశాట్-1తో పాటు హ్యామ్‌శాట్‌ను మోసుకుపోయింది. 42.5 కిలోల ఆ చిన్న ఉపగ్రహం ప్రత్యేకంగా హ్యాముల కోసమే. కొన్ని వారాలకు నేను సెలవు పెట్టి వచ్చి సార్ మిద్దె ఎక్కాను. ఆయన చేతిలో అల్యూమినియం పుల్లల యాగీ యాంటెన్నా. దక్షిణం నుంచి అది లేచే వేళకు దాన్ని చేత్తో ఎత్తి ఆకాశం వెంట తిప్పుతున్నారు. 145.9 మెగాహెర్ట్జ్‌ల దగ్గర సన్నటి కూత మొదలై, స్టేషను దాటిపోయే రైలుకూతలా మెల్లగా కిందికి జారుతూ, కొండల వెనక్కి పోయింది. పది నిమిషాల కంటే ఎక్కువ లేదు. సార్ చేయి దించి, "తారీఖు రాసుకున్నావా? యూటీసీ" అని అడిగారు. రాసుకున్నాను. తప్పు లేకుండా. 2014లో ఆ ఉపగ్రహం మూగబోయింది.

*

పొద్దు వాలుతోంది. అమ్మ కాఫీ తెచ్చి గడప మీద కూర్చున్నారు. పెరట్లో, వంటింటి గోడకూ మునగచెట్టుకూ నడుమ కట్టిన దండెం మీద తువ్వాళ్లు ఆరుతున్నాయి. దాని కొసన పింగాణీ గుబ్బ కనిపించి లేచి వెళ్లాను. అదే తీగ. మేం టంకం వేసి, ప్లాస్టిక్ పేపరు చుట్టిన అతుకు ఒకటి మధ్యలో ఉబ్బి ఉంది. బారలతో కొలిచాను. ఐదున్నర బారలు. డైపోల్‌లో సరిగ్గా సగం. బడిలో గది కొట్టేసేటప్పుడు సార్ సైకిలు మీద వేసుకుని తెచ్చుకున్నారట.

"ఇంకోటి అడగాల నాయనా" అన్నారు అమ్మ. "ఆయన ఈ గదిలో కూర్చోని బల్ల మీద వేలితో కొట్టేవారు. ఎప్పుడూ ఒకే మాదిరి. అది వినబడితే నేను కాఫీ కలిపేదాన్ని. అట్లా కొట్టడానికి ఏమన్నా అర్థం ఉందా, ఊరికే కొట్టేవారా?"

అమ్మ చెంచా తీసుకుని గ్లాసు అంచు మీద కొట్టి చూపించారు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. నడుమ ఖాళీలు కూడా సరిగ్గా పడ్డాయి.

"అది కే అమ్మా" అన్నాను. "నా మాట అయింది, ఇంక నువ్వు చెప్పు అని."

అమ్మ చెంచాను గ్లాసులో పెట్టేశారు. "నేను కాఫీకే అనుకొంటి" అని లేచి, మంచు పడేలోగా తువ్వాళ్లు తియ్యడానికి తీగ దగ్గరికి వెళ్లారు.